గుంజు, ఇడువు

“అక్కా, మామ పోయిండు” అని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు తంగళ్ళపల్లిలో మా బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నాలు వడ్డిస్తున్నాం. గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఏ మామ అని అడగలేదు. మేనమామలు వేరే ఉన్నారు గానీ మా ఇంట్లో ఒట్టి ‘మామ’ అంటే ఒక్కరే. కోరుట్లలో మా గోడకు ఆనుకున్న ఇల్లు ఆయనది. ఇంటి ముందు రేకుల కింద మెకానిక్ షెడ్డు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే చుట్టరికం. సిరిసిల్లలో బస్సు పట్టుకుని, వేములవాడలో మారి నేను చేరేసరికి అందరూ శ్మశానం నుంచి తిరిగి వస్తున్నారు. కాళ్లు కడుక్కుని వాకిట్లో కూర్చున్నాను. చేయడానికి నాకేమీ మిగల్లేదు.

మామది తాళ్లెక్కే ఇల్లు. తండ్రి, తాత, అన్నదమ్ములు అందరూ కల్లు గీసినవాళ్లే. ఈయనకు మాత్రం చెట్టు మీద నుంచి కిందికి చూస్తే కళ్లు తిరిగేవట. “మా నాయిన నడుముకు మోకు కట్టి ఎక్కిచ్చిండు. నేను నడిమిట్ల చెట్టును కావలిచ్చుకొని ఏడ్సిన. దించెతందుకు ఇంకొకడు ఎక్కవల్సి అచ్చింది” అని తనే చెప్పి నవ్వేవాడు. అట్లా చెట్టు విడిచి జగిత్యాలలో ఒక షెడ్డులో స్పానర్ పట్టాడు. బీడీలు చుడుతూ అరుగు మీద నుంచి అత్త ఊరుకునేది కాదు. “చెట్టెక్క రానోనికి చెట్టు ముచ్చట్లు చూడుండ్రి” అనేది. అత్త పక్కనే ఒళ్లో చాట పెట్టుకుని నేనూ బీడీలు చుట్టేదాన్ని. చదువుకునే రోజుల్లో నా ఖర్చు అట్లాగే వెళ్లేది.

మామ నోరు మంచిది కాదు. బండి ఎవరిదైనా సరే, తిట్లు తప్పేవి కావు. అన్నిటికంటే ఎక్కువ తిట్లు రేసు వైరు దగ్గరే. హ్యాండిల్ తిప్పితే కార్బొరేటర్‌ను తెరిచే సన్నటి తీగ అది. కుర్రాళ్లంతా దాన్ని బిగించమనే వచ్చేవారు. “చెయ్యి పెట్టంగనే బండి ఉరకాలె మామా” అనేవారు. మామ బండి స్టార్ట్ చేసి, రేసు ఇవ్వకుండా ఉత్త హ్యాండిల్‌ను ఆ పక్కకూ ఈ పక్కకూ పూర్తిగా తిప్పేవాడు. తిప్పినప్పుడు ఇంజన్ చప్పుడు దానంతటదే పెరిగితే వైరు బిగుసుకున్నట్టు. “ఇన్నవారా? నువ్వు మూలకు తిప్పినవంటే నువ్వు చెప్పకుంటనే ఉరుకుతది. గప్పుడు నన్ను తిడుతవ్” అంటూ నట్టు వదిలి, వైరును రెండు వేళ్ల మధ్య ఆడించి చూసి, మళ్లీ నట్టు బిగించేవాడు. చివరికి ఆ చెట్టు ముచ్చటే వచ్చేది. “మోకు కర్సుకపోతె పైకి పోలేవు, ఇడిస్తె పానం దక్కదు. గింత లూజు ఉండాలె. వైరు గూడ గంతే.”

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా వీధి సగం దీక్షల టెంట్ కిందే ఉండేది. రోడ్డు మీద వంటావార్పు పెట్టినప్పుడు అత్త కూరగాయలు తరిగింది, మామ పొయ్యిల దగ్గర కట్టెలు ఎగదోశాడు. బంద్ అంటే షెడ్డు బంద్. గిరాకీ పోతున్నదని ఒక్కనాడూ గొణగలేదు. ఆయనకు ఒక పాత పెట్రోలు వ్యాన్ ఉండేది. ముందు సీటు కింద ఇంజన్. పెండ్లిళ్లకు కిరాయికి తిప్పేవాడు. దాని రేసు వైరులో రెండు మూడు పోగులు తెగినట్టు మామ అప్పటికే చూసుకున్నాడు. సామాన్ల షాపుల షట్టర్లు ఎత్తడం లేదు. “బందు అయిపోంగనే కొత్తది ఏస్త” అని ఉన్నదాన్నే నట్టుతో సర్ది పెట్టాడు.

అత్తకు ఛాతీలో నొప్పి వచ్చింది ఆ బంద్‌లోనే. పొద్దున బియ్యం కడుగుతూ గిన్నె పట్టుకునే కూలబడింది. చెమటలు కారిపోతున్నాయి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఇంకో ఊరికి పోయింది, వచ్చేసరికి ఆలస్యమవుతుందన్నారు. వాళ్ల కొడుకు ఊళ్లో లేడు. మామా నేనూ కలిసి అత్తను వ్యాన్ వెనక సీట్లో పడుకోబెట్టాం. తల నా ఒళ్లో పెట్టుకున్నాను. “తలుపు దగ్గరేసినవా బిడ్డా?” అని అడిగింది. ఇల్లంటే అంత ఫికరు ఆమెకు. వేశానత్తా అన్నాను. జగిత్యాల చేరితే పెద్ద డాక్టర్లు ఉన్నారు, బతికించుకుంటామనే అనుకున్నాం.

మేడిపల్లి దగ్గర ఉద్యమం కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా బండ్లు పెట్టి, టైర్లు కాలుస్తున్నారు. మామను చూసి ఉరికొచ్చారు. వెనక అత్తను చూడగానే ఒక్క మాట అడక్కుండా బండ్లు పక్కకు గుంజారు. మామ గేర్ వేసి కాలు నొక్కాడు. రేసు పెడల్ చప్పుడు లేకుండా కిందికి పోయింది, మళ్లీ పైకి రాలేదు. ఇంజన్ మాత్రం నడుస్తూనే ఉంది. అందరి వైర్లూ చూసిన మనిషి ఒక్క క్షణం స్టీరింగ్ మీద చేతులు పెట్టి ఊరకే కూర్చున్నాడు. అది నాకింకా కళ్ల ముందే ఉంది.

తర్వాత దిగి, పక్క సీటు ఎత్తి కట్టి, కార్బొరేటర్ దగ్గర మిగిలిన తీగకు ఒక ఉంగరంలా మెలి వేశాడు. అక్కడున్న కుర్రాడు ఒకతను ఎక్కి దాన్ని గుంజితే బండి ఎగిరి ఆగిపోయింది. మామ నా వైపు చూశాడు.

“నువ్వు రా. బీడీకి దారం సుట్టే వేళ్లు నీయి. ఎంత గుంజితె ఆకు పలుగుతదో నీకు ఎరుకే.”

“అత్తనెవరు చూస్తరు మామా?”

“ముందుగాల బండి పోవాలె గదా.”

ఆ కుర్రాడు మోటర్‌సైకిల్ మీద దారి తీయిస్తూ ముందు ఉరికాడు. నేను అత్త తల కింద చీర మడిచి పెట్టి, ముందుకు వచ్చి వంగి, ఎత్తిన సీటు కింద చేయి పెట్టి, ఉంగరంలో వేలు దూర్చాను. మొహానికి ఇంజన్ సెగ, ముక్కు నిండా పెట్రోలు వాసన. రోడ్డు నాకు కనబడదు. మామకు రోడ్డు కనబడుతుంది, రేసు ఆయన చేతిలో లేదు. గేర్ మార్చే ముందు “ఇడువు” అనేవాడు. మార్చాక “గుంజు” అనేవాడు. అంతే మాటలు. తీగ వేలిని కోస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. అత్త నా వీపు వెనక ఉంది. తిరిగి చూస్తే చేయి సడలుతుంది, బండి ఆగుతుంది. మొదట్లో ఆమె మూలుగు వినిపించేది. తర్వాత నాకు ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

“మీ అత్త ఏమన్న అంటున్నదా?” అని అడిగాడు మామ.

“ఇనరాత్తలేదు మామా. చప్పుడైతున్నది.”

“అయితె గుంజు” అన్నాడు.

జగిత్యాలలో ఆసుపత్రి మెట్ల దగ్గర ఆపి వెనక తలుపు తీశాం. డాక్టరు వ్యాన్‌లోనే చూశాడు. దారిలోనే ప్రాణం పోయిందన్నాడు. ఎక్కడ పోయింది, ఏ గేర్ దగ్గర పోయింది, ఆఖరుకు ఏమన్నా అన్నదా? ఇద్దరం అదే బండిలో ఉన్నాం, ఇద్దరికీ తెలియదు. మామ నా వేలి నుంచి రక్తం కారడం చూసి తన తువ్వాల చింపి కట్టాడు. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

దినాలప్పుడు మేడిపల్లి పిల్లలు వచ్చి వాకిట్లో తలలు వంచుకుని నిలబడ్డారు. నాకు వాళ్లను చూస్తే ఒళ్లు మండింది, లోపలికి వెళ్లిపోయాను. మామ వాళ్లను కూర్చోబెట్టి చాయ్ పోయించాడు. “మీరేం జేసిండ్రు కొడుకా, అడ్డం తీసిండ్రు. తెగింది నా తీగ” అన్నాడు. తర్వాత మళ్లీ టెంట్ కిందికి పోయి కూర్చున్నాడు. ఇదేం మనిషి అనుకున్నాను అప్పుడు. ఇంట్లో కూర్చుంటే అరుగు మీద అత్త చాట కనబడుతుందని చాలా కాలానికి గానీ నాకు అర్థం కాలేదు.

తెలంగాణ వచ్చింది. రంగులు చల్లుకున్నారు, మామ మీదా చల్లారు. ఆ రంగులతోనే షెడ్డులో కూర్చుని ఎవరి బండికో వైరు మారుస్తున్నాడు. ఆ తర్వాత ఆయనకు అదొక పిచ్చి పట్టింది. చాయ్ హోటల్ ముందు ఆగిన బండి దగ్గరికి పోయి “వైరు చూపియ్యి” అని కూర్చునేవాడు. కొత్త బండ్లకు కార్బొరేటర్లే లేవని చెప్పినా వినేవాడు కాదు. “అయితె మా అసొంటోల్ల పని అయిపోయినట్టే” అని నవ్వి, ఆ పక్కన నిలబెట్టిన పాత బండి వెతుక్కునేవాడు. కుర్రాళ్లు ఆయన్ను చూసి పక్క సందులోకి మళ్లేవారు. నేను పండుగకు పోయినప్పుడల్లా నా వేలు పట్టుకుని, మచ్చ చూసి, వదిలేసేవాడు. అత్త మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. ఎట్లా తేవాలో నాకూ తెలియలేదు.

మామ పోయే ముందటి ఆదివారం చూసి వచ్చాను. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది, మాట పోయింది. కొడుకు లేపి దిండుకు ఆనించాడు. “మామా, నేనే” అన్నాను. గుర్తుపట్టాడు. ఎడమ చేయి మెల్లగా నా చేతి దాకా తెచ్చి, తన చూపుడువేలును మచ్చ ఉన్న నా వేలికి కొక్కెంలా తగిలించాడు. నేను ముందుకు వంగాను. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు రావడం లేదు. వేలు మాత్రం ఒకసారి బిగుస్తున్నది, ఒకసారి సడలుతున్నది.

గుంజమంటున్నాడో, ఇడువమంటున్నాడో నాకు తెలియలేదు. అట్లాగే, కొంచెం లూజు ఉంచి, వేలు పట్టుకుని కూర్చున్నాను.