లోపలి చీర

జగ్గయ్యపేటలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నావిడ సంచిలోంచి ఓ చిన్న బొంత తీసి అదేపనిగా తడుముతోంది. చిల్లకల్లు దాటాక, నా ఒళ్లో ఉన్న నెలల పాపని చూసి గొంతు తగ్గించింది.

"రెండు బొంతలు ఒకేసారి పెట్టుకున్నానమ్మా. కాసేపు ఇది, కాసేపు అది కుడుతూ వచ్చా. ఒకరింట్లో పెద్దావిడ పోయింది, గుర్తుగా ఉంటుందని ఆవిడ చీరలిచ్చారు. ఇదేమో నందిగామలో బారసాలకి. రెండిళ్లవాళ్లూ తెల్ల నేతచీరలే ఇచ్చారు. దీని లోపల పరిచింది ఎవరిదో ఇప్పుడు గుర్తు రావట్లేదు."

"చీరే కదండీ, ఏం కాదులెండి," అన్నా. అలాంటివి నేను నమ్మను.

ఆమె బొంతని నా మోకాళ్ల మీద పరిచింది.

"అయితే మీ పాపని ఓ నిమిషం దీనిమీద పడుకోబెట్టండమ్మా. ఏడవకపోతే నా భయం పోతుంది."

పాపని గుండెకి హత్తుకున్నా. ఎప్పుడు హత్తుకున్నానో నాకే తెలీదు.

ఆమె బొంత వెనక్కి తీసుకుని, పళ్లతో దారం కొరికి కుట్లు విప్పడం మొదలుపెట్టింది. నందిగామలో నేను దిగా. ఆమె దిగలేదు, తల కూడా ఎత్తలేదు. బస్సు విజయవాడ వైపు కదిలింది.

ఇంటికెళ్లగానే పాప బొంత తిరగేసి చూశా. అదీ ఎవరిచేతో కుట్టించిందే. పైన పువ్వుల గుడ్డ, చుట్టూ దగ్గర దగ్గరగా కుట్లు. లోపల ఏముందో కనపడలేదు.