పేరున్న ల్యాప్‌టాప్

అప్పటికే నా చెయ్యి దాని మూత మీద ఉంది. నల్లగా, నున్నగా, చల్లగా ఉంది ఆ మూత. అంచు కూడా నిమరబోతుంటే మెడలో టై కట్టుకున్న అబ్బాయి కౌంటరు అవతల నుంచి వచ్చాడు. "చేతులు పెట్టకండమ్మా, మరకలు పడతాయి" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. జేబులోంచి పసుపుపచ్చ గుడ్డ తీసి, సరిగ్గా నా వేళ్లు తగిలిన చోటు తుడిచాడు.

నేను చెయ్యి లాక్కుని పైట కింద పెట్టుకున్నాను. నాది పలాసలో జీడిపిక్కలు కొట్టే పని. పిక్క పగిలినప్పుడు కారే రసం వేళ్లను కాల్చి నల్లగా చేసేస్తుంది. ఎంత ఆముదం రాసుకున్నా, ఎంత బూడిద పులుముకున్నా గోళ్ల చుట్టూ ఆ నలుపు పోదు. కానీ అది ఎండిపోయిన మరక, దేనికీ అంటుకోదు. ఆ సంగతి అతనికి చెప్పొచ్చు. బస్సులో పక్క సీటు మనిషికి మా ఇంటి ముచ్చట్లన్నీ దిగేలోపల చెప్పేసే నోరు నాది. ఆ రోజు విశాఖపట్నంలో, ఆ ఏసీ షాపులో మాత్రం ఒక్క ముక్క రాలేదు. పక్కనే జీన్సు ప్యాంటు అమ్మాయి ఒక చేత్తో ఐస్‌క్రీం తింటూ రెండో చేత్తో అదే ల్యాప్‌టాప్ మీటలు టకటకా నొక్కుతోంది. ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అనలేదు.

మా ఆయన షాపు ఆ చివర ఎవరితోనో ధరలు మాట్లాడుతున్నాడు. ఈ మాట ఆయన వినలేదు.

"బావా, ఇలగ రా" అని పిలిచాను. "ఇదే తీసుకుందాం."

ఆయన దాని ముందు పెట్టిన ధర చీటీ చూసి, నా మొహం చూశాడు.

మేం ఆ షాపుకి ఎందుకు వెళ్లామో చెప్పాలి. మా ఆయనది ఉద్దానం ఒడ్డున సముద్రం మీద బతికే కుటుంబం. అక్కడి మగవాళ్లు చాలామందిలాగే ఆయనా గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లేవాడు. వెళ్తే నెలల తరబడి రావడం ఉండదు. రెండోసారి తిరిగొచ్చినప్పుడు మా పాప ఆయన్ని చూసి ఏడ్చి నా వెనక దాక్కుంది. ఇంక పోనని ఒట్టేసుకుని కాశీబుగ్గలో వీడియో గేముల షాపు పెట్టాడు. టీవీలు, వాటికి తగిలించే ఆట డబ్బాలు. పిల్లలు బాగానే వచ్చేవారు. ఇంతలో రోడ్డుకి అవతల ఒకతను కంప్యూటర్లు పెట్టాడు, మా షాపులో ఈగలు మిగిలాయి. వేసవి సెలవులకల్లా మేమూ కంప్యూటర్లు పెట్టకపోతే షాపు మూసేయాలి. షాపు మూస్తే ఆయన మళ్లీ గుజరాత్ వెళ్లాలి. అందుకే పడవలో తన వాటా అమ్మేశాడు. టెక్కలిలో విడిభాగాలు కొని కంప్యూటర్లు బిగించి ఇచ్చే ఒకాయన ఉన్నాడు. ఆ డబ్బుకి మూడు వస్తాయని, మూడింటినీ వైరుతో కలిపితే పిల్లలు ఒకరితో ఒకరు పోటీ ఆడుకోవచ్చని చెప్పాడు. మా ఆయన సరేనని మాట కూడా ఇచ్చేశాడు. విశాఖ వెళ్లింది ఊరికే, కొనే ముందు ఒకసారి ధరలు చూసుకుందామని.

ఇక్కడ ఇంకోటి కూడా చెప్పాలి, చెప్పడానికి మొహం చెల్లకపోయినా. మా ఫ్యాక్టరీలో ప్యాకింగు గది మా పక్కదే. ఒకే గంపలో పప్పు సగం ఉత్త కవర్లలోకి, సగం బంగారు రంగు అట్టపెట్టెల్లోకి పోతుంది. పెట్టె మీద పేరుకి అదనంగా డబ్బు పోసేవాళ్లను తలుచుకుని మేం ఆడవాళ్లం పిక్కలు కొడుతూ పగలబడి నవ్వుకునేవాళ్లం. అందరికంటే గట్టిగా నవ్వేది నేనే.

"ఏటే, ఒక్కటేటి?" అన్నాడు మా ఆయన గొంతు తగ్గించి. "మూడు కదా అనుకున్నాం."

"ఆ టెక్కలి సరుకు ఎవుడికి గావాల బావా? పేరున్నదెడితే పిల్లలు ఎగబడిపోతారు."

"పిల్లలు పేరు మీద కూకోని ఆడతారేటి?"

"నాకు తెల్దా? ఇదే తీసుకో."

టై అబ్బాయి దాని గొప్పలు మొదలుపెట్టాడు. ఆటల కోసమే చేసిందట, లోపల బొమ్మల కోసం వేరే కార్డు ఉందట, వేడెక్కకుండా ఫ్యాన్లు ఉన్నాయట. నేను అన్నింటికీ తలూపాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఆ గుడ్డ మళ్లీ అతని జేబులోకి వెళ్లడం మాత్రం చూస్తూ ఉన్నాను. నలుగురిలో నాతో గొడవ పడడం ఇష్టంలేక మా ఆయన డబ్బు తీసి ఇచ్చేశాడు.

తిరుగు రైల్లో పెట్టె నా ఒళ్లోనే. ఎదురు సీటు ఆవిడ చూసి చూసి అడిగింది.

"ఏటమ్మా అది? మిక్సీయా?"

"మిక్సీ కాదప్పా, కంప్యూటరు. మడతెట్టీవొచ్చు."

"మడతెట్టి ఏటి సేత్తారు?"

"ఎక్కడికైనా అట్టుకెల్లిపోవొచ్చు. శానా పెద్ద కంపెనీది." నోరు తిరిగొచ్చింది కదా, పూండి దాటేదాకా ఆ కంపెనీ గొప్పలు చెబుతూనే ఉన్నాను. మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. టెక్కలికి దిగే నౌపడ స్టేషను వచ్చినప్పుడు కళ్లు మూసుకున్నాడు. నిద్రపోతున్నాడనుకుందామని చూశాను, కానీ రెప్పలు కదులుతున్నాయి.

వస్తువు మంచిదే, అబద్ధం ఎందుకు చెప్పాలి. కార్ల ఆటలో వాన పడితే అద్దం మీద చుక్కలు జారడం కనిపించేది. మే నెల ఎండకి మా రేకుల షాపు పెనంలా కాలుతుంటే అవతలి షాపులో కంప్యూటర్లు మాటిమాటికీ ఆగిపోయేవి. మాది ఆగేది కాదు. కరెంటు పోయినా కాసేపు నడిచేది. ఎవరైనా ఇంట్లో ఒక్కడే కూర్చుని ఆడుకోవడానికైతే ఆ అదనపు డబ్బుకి అర్థం ఉంది. మాకు లేదు. మా షాపుకి పిల్లలు జట్లుగా వచ్చేవారు. ఒకడు ఆడుతుంటే మిగిలినవాళ్లు మెడలు సాచి నిలబడేవారు.

"అక్కా, పోటీ ఎలగాడతాం?" అన్నాడొకడు, ఫ్యాక్టరీ పని లేని రోజు నేను షాపులో కూర్చుంటే.

"ఒకడయ్యాక ఒకడు."

"మరి గెలిసేది ఎవుడి మీద? గోడ మీదా?"

అందరూ నవ్వారు. రెండు మూడు రోజులు మీటల కింద వెలిగే రంగు లైట్లు చూడ్డానికి వచ్చారు, అంతే. ఎదురు షాపులో కంప్యూటర్లు ఎన్నిసార్లు ఆగినా "కొట్టీరా! కొట్టీరా ఆణ్ని!" అనే అరుపులు మా షాపులోకి వినబడేవి.

ఒక మధ్యాహ్నం మా అత్తగారి ఊరి పిల్లాడొకడు వచ్చాడు. తోటల్లో జీడిపళ్లు కోసుకు తిని మూతి చుట్టూ, వేళ్ల నిండా మరకలు. ఆ వేళ్లతో మీటల మీదికి వంగాడు.

"ఒరే, సేతులెట్టకు! మరకలైపోద్ది!" అని అరిచాను.

పిల్లాడు చేతులు తీసి చొక్కా లోపలికి పెట్టుకున్నాడు.

వాడి మొహం చూడలేకపోయాను. ఆ టై అబ్బాయి నయం, నవ్వుతూ అన్నాడు. "రారా, ఆడుకో, డబ్బులొద్దు" అని వెనకాలే రోడ్డు దాకా వెళ్లాను. వాడు తిరిగి చూడకుండా అవతలి షాపులోకి పోయాడు. వాళ్లెవరూ వాణ్ని ఆపలేదు. కాసేపటికి వాడి గొంతు కూడా ఆ అరుపుల్లో కలిసిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయన అన్నం ముందు కూర్చుని, "బోటుకి మనుషుల్ని కూర్సేవాడు కబురెట్టినాడు" అన్నాడు. "సెలవులైపోతే నానూ ఎల్తాను. ఇక్కడుండి ఏటి సేత్తాను?"

పాప ఆయన తొడ మీదే కూర్చుని పళ్లెంలో చేప ముక్క గిల్లుతోంది. అప్పుడు చెప్పాను, షాపులో టై అబ్బాయి అన్న మాట, గుడ్డతో తుడవడం, అంతా. చెబుతుంటే ఏడుపొచ్చేసింది.

"ఆ ముక్కకా ఇంత డబ్బెట్టించినావు?" అని నోరు తెరిచాడు. "ఓసి పిచ్చిదానా! ఆ కొట్టు ఆడిదేటి? ఆడూ నెల జీతగాడే కదే! నాకప్పుడే సెప్పుంటే ఆడికి నాలుగెట్టి బయటికొచ్చీవోల్లం."

"సిగ్గేసినాది బావా."

"నా కాడ నీకు సిగ్గేటి? నా ఒంటి మీద సేపల కంపుకి బస్సులో ఎంతమంది సీటు మారినారో నీకు తెల్దా?"

ఆ మాటకి ఇంకా సిగ్గేసింది. ఆయన అన్నీ మింగి మళ్లీ బస్సెక్కేవాడు. నేను ఒక్క మాట మింగలేక ఆయన పడవ అమ్మిన డబ్బంతా ఊడ్చిపెట్టాను.

"టెక్కలెల్లి అడుగుదాం. ఇది తీసుకోని ఆ కంప్యూటర్లు ఇత్తాడేమో" అన్నాను.

"నానెల్లను. మాటిచ్చి తప్పినాను. ఆయన మొకం సూడనేను."

"తప్పించింది నాను కదా. నానెల్తాను."

మర్నాడు పొద్దున్నే పెట్టె సంచిలో పెట్టుకుని టెక్కలి బస్సెక్కాను. పక్కన కూర్చున్నావిడ ఏమిటది అని అడిగితే సామాను అని ఊరుకున్నాను. ఆ బిగించే ఆయన అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. నన్ను చూసి, సంచిలోంచి కనబడుతున్న పెట్టె చూసి, గొళ్లెం పట్టుకునే నవ్వాడు. మేం విశాఖలో కొన్న సంగతి ఆయన చెవిన ముందే పడినట్టుంది.

"ఏటమ్మా, ఇశాపట్నం సరుకు టెక్కలొచ్చినాది? మా గాలి దానికి పడద్దా?"

వినవలసిన మాటే. విన్నాను. పెట్టె బల్ల మీద పెట్టి, "ఇది తీసుకోని కంప్యూటర్లు ఇయ్యన్నా. ఎన్నొత్తే అన్ని" అన్నాను.

"దీనికేటైనా తేడా వొచ్చినాదా?"

"ఏ తేడా నేదు. బంగారంలాగుంది. ఎవులికైనా దైర్యంగా అమ్ముకో."

ఆయన మూత తీసి, వెలిగించి, చాలాసేపు అటూ ఇటూ నొక్కి చూశాడు. "మూడు రావమ్మా ఇంక. రెండొత్తాయి" అన్నాడు.

రెండైతే ఇద్దరు ఆడుకుంటారు. "సరే అన్నా" అని, ఆయన లోపలి నుంచి తెచ్చి పెట్టిన పెట్టెలు బస్సు టాపు మీద జారకుండా ఒక తాడు అడిగి తీసుకుని, కింద కూర్చుని నేనే కట్టడం మొదలుపెట్టాను.