పోటీలో లేని మిషన్

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులవి. సికింద్రాబాద్‌లో ఒక ఐటీఐలో నేను కుట్టుపని నేర్పేదాన్ని. ఆ ఏడు వృత్తి విద్యార్థుల జాతీయ నైపుణ్య పోటీలు మా దగ్గరే పెట్టాలన్నారు. ఏర్పాట్ల కమిటీలో నన్నూ వేశారు. కమిటీ అంటే ఏమిటో నాకప్పుడే తెలిసింది. ముఖ్య అతిథికి కప్పే శాలువా ఏ రంగుదన్న దగ్గరే ఒక పూట గడిచిపోయేది. వెల్డింగ్ షెడ్డుకు కరెంటు చాలుతుందా అని అడిగితే మాత్రం "చూద్దాం మేడమ్" అనేవారు.

కుట్టుపని పోటీ జరగాల్సిన నా హాలు నేనే చూసుకున్నాను. మిషన్లు వరసగా వేయించి, నూనె పోయించాను. ఎవరికి ఏ మిషన్ వస్తుందో చీటీలు తీసి తేలుస్తారని తెలిసినా, కిటికీ పక్కన వెలుతురు పడే మిషన్ నా విద్యార్థినికే రావాలని ప్రార్థన చేసుకున్నాను. పక్షపాతమే, కాదనను.

ఆమెది బోయిగూడ. రాష్ట్ర పోటీల్లో మొదటి బహుమతి తెచ్చుకుంది. వయసు లెక్కన జాతీయ పోటీలకు అదే ఆఖరి అవకాశం. తండ్రి రాంగోపాల్‌పేట్‌లో టైలరు. కూతురు ఏది కుట్టి చూపించినా తిరగేసి, లోపలి కుట్టు చూసి, ఏమీ అనకుండా చేతికిచ్చేసేవాడట. ఒకరోజు ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. "మా నాయిన దుకాణం బంద్ పెట్టి పోటీ చూడనీకి వస్తనన్నడు మేడమ్!"

పోటీలు ఇంకొద్ది రోజులున్నాయనగా, కుట్టుపనికి చాలినన్ని రాష్ట్రాలు పేర్లు పంపలేదని ఆ విభాగాన్నే తీసేశారు. పేర్లు పంపినవాళ్ళతోనైనా పెట్టండని గొంతు చించుకున్నాను. రూలు ఒప్పుకోదన్నారు. నా హాలును భోజనాలకు తీసుకున్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. వడ్రంగం, వెల్డింగ్ పోటీల పిల్లలకు ఏప్రన్లు కావాలట, మీ అమ్మాయిలు ఎలాగూ ఖాళీయే కదా అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆమెకు చెప్పలేక చెప్పాను. "ఏప్రన్లు నేనే కుడతా మేడమ్. నాయినకు సుత నేనే చెప్తా" అంది. ఏప్రన్లు కుట్టింది. తండ్రికి మాత్రం చెప్పలేకపోయింది.

పోటీల రోజు పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. "నమస్తే మేడమ్. మా బిడ్డ మిషిన్ ఏడున్నది?"

హాల్లో వంటవాళ్ళు గుండిగలు దింపుతున్నారు. ఇంతలో ఆమె ఏప్రన్ల దొంతర ఎత్తుకుని వచ్చింది. తండ్రిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మా పోటీ తీసేసిండ్రు నాయినా. నీకు చెప్పనీకి నాకు నోరు రాలే."

ఆయన ఆమె మొహం చూడలేదు. పైనున్న ఏప్రన్ తీసుకుని తిరగేశాడు. లోపలి కుట్టు మీద బొటనవేలు ఆనించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా చూశాడు.

"మంచిగ కుట్టినవ్ బిడ్డా."

అన్ని రోజులూ కంట తడి పెట్టని పిల్ల, ఆ గుండిగల మధ్య కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. బయట మైకులో పోటీలు మొదలవుతున్నాయని చెబుతున్నారు. ఆయన ఏప్రన్‌ను మడతపెట్టి మళ్ళీ దొంతర మీద ఉంచాడు.

"లే బిడ్డా. పోయి ఇచ్చి రా, వాళ్ళకు పోటీ షురూ అయితున్నది."