ఎర్ర ఏటి గట్లు చూసొచ్చిన మా మావ

కిందటి వారం బడిలో హాజరు పిలుస్తుంటే, మా ఊరు భావనపాడు నుంచి నేను పనిచేసే కోటబొమ్మాళికి చేపలు తెచ్చే ఎర్రమ్మ వచ్చి గుమ్మం దగ్గర గంప దించింది. ఏనాడూ బడి వైపు రాని మనిషి. "పంతులమ్మా, మీ మావ ఎలిపోనాడు. తెల్లారి గట్టు మీదికెల్లొచ్చి అరుగు మీద కూకున్నాడు. మరి లెగనేదు" అంది. గంప అక్కడే వదిలేసి నాతోపాటు బస్సెక్కింది.

ఆయన మా అమ్మకు తమ్ముడు. ఊరందరికీ మిలట్రీ మావ. వియత్నాంలో ఒకసారి యుద్ధం ఆగినప్పుడు, ఆ ఒప్పందం సాగుతోందో లేదో చూడడానికి మన దేశం నుంచి వెళ్ళిన సైనికుల్లో ఆయనా ఉన్నాడు. హనోయిలో రెండేళ్ళు జీపు నడిపాడు. తిరిగొచ్చాక తుపాకుల మాట ఎన్నడూ ఎత్తలేదు. చెప్పిందల్లా అక్కడి మనుషుల గురించే.

అక్కడి ఇళ్ళల్లో పిల్లలు పెద్దవాళ్ళను వరసపెట్టి పిలిచి, తినమని చెప్పాకే తాము తింటారట. మావకు అది ఎంత నచ్చిందంటే, "అక్కా, తిను" అని మా అమ్మతో అనకుండా కంచంలో చెయ్యి పెట్టేవాడు కాదు. అమ్మకు మొదట్లో సిగ్గేసేది. తర్వాత ఆ మాట కోసం ఆగేది. చేపలూ ఉప్పూ కుండలో ఊరబెట్టి అక్కడివాళ్ళు తీసే రసం ఇక్కడా తీస్తానని ఒక కుండ పెట్టాడు. మూడో నెలకు వీధంతా ముక్కు మూసుకుంది. అమ్మ దాన్ని తీసుకెళ్ళి ఇసకలో పారబోసింది. "ఏడాదాగితే నువ్వే అడిగుందువు" అన్నాడంతే.

ఆయన్ను ఊరు తలచుకునేది మాత్రం గట్టు వల్ల. నేను చదువుకునే రోజుల్లో తుఫానుకు ఉప్పుటేటి గట్టు తెగిపోయి, పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు పొలాల్లోకి ఎక్కేది. వరసగా రెండేళ్ళు వరి మాడిపోయింది. రైతులు అర్జీలు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఒకరోజు టీ కొట్లో మావ పేపరు చదివాడు. వియత్నాంలో మళ్ళీ యుద్ధం, ఏటి గట్ల మీద బాంబులు పడుతున్నాయని అందులో ఉంది. పేపరు మడిచిపెట్టి ఇంటికొచ్చి, కావిడీ పారా తీసుకుని బయల్దేరాడు.

"ఒరే, ఒక్కడివీ సముద్రాన్ని ఆపుతావేటి?" అంది అమ్మ.

"అక్కడ ఎర్ర ఏరొకటి ఉన్నాదక్కా. వరదొస్తే ఊళ్ళకన్నా ఎత్తున పారతాది. దానికి గట్టేసింది ఇలాటి కావిళ్ళే. ఆళ్ళు బాంబుల కింద మట్టి మోస్తన్నారు. మనం నీడన కూకున్నాం."

మూడు రోజులు ఒక్కడే మోశాడు. రైతులు నవ్వారు. నాలుగో రోజు చేపలు పట్టే పల్లెవాళ్ళ పేటకు వెళ్ళాడు. పొలం గట్ల మీద వలలు ఆరేసుకోనివ్వరని రైతులతో వాళ్ళకు మాటల్లేవు. మగవాళ్ళెవరూ కదల్లేదు. ఎర్రమ్మే లేచింది. "ఆళ్ళ ఇంట ధాన్యం నేపోతే నా సేప ఎవులు కొంటారు? పదండి" అని చేపల గంప కడుక్కుని నెత్తిన పెట్టుకుంది. వెనకే పదిమంది ఆడవాళ్ళు వెళ్ళారు. చేపల గంపల్లో మట్టి తమ పొలం మీదుగా పోతుంటే రైతులు ఎంతసేపు చూస్తారు? సాయంత్రానికి వాళ్ళ కావిళ్ళూ దిగాయి.

సగం అయ్యాక అమావాస్య పోటుకు మళ్ళీ తెగింది. మావ బురదలో కూలబడ్డాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడడం నాకదే మొదలు. ఇంక మానేస్తాడనుకున్నాను. కాసేపటికి లేచి, "తెగిన కాడే కదా కట్టాలి. మరో కాడ కడితే లాభమేటి?" అన్నాడు. వేసవి సెలవులన్నాళ్ళూ నేనూ మోశాను. భుజం మీద తోలు ఊడింది. వానలకు ముందే గట్టు నిలిచింది. ఆ ఏడు వరి పండింది.

ఎవరైనా పొగిడితే ఆయనకు కోపం. "నాను సూసొచ్చింది సెప్పాను. మోసింది మీరు" అనేవాడు. ఉత్త మాటలు చెప్పేవాళ్ళ మీద మాత్రం నోరు చేసుకునేవాడు. ఆ దేశాన్ని మెచ్చుకున్నంతగా మనల్ని మెచ్చుకోవేమని ఒకసారి అడిగాను. "మెచ్చుకోడానికి కాదే సెప్తన్నది. ఆళ్ళూ వరన్నం తినేవోళ్ళే, మనవూ వరన్నం తినేవోళ్ళమే. ఆళ్ళు సేసింది మనకి సేతకాదా అని" అన్నాడు.

మావను గట్టు మీదుగానే తీసుకెళ్ళారు. ఆ రోజు పడవలు సముద్రంలోకి పోలేదు. దహనమయ్యాక రైతులూ పల్లెవాళ్ళూ కలిసే వెనక్కి నడుస్తున్నారు. ముందురోజు వానకు ఒకచోట మట్టి మెత్తబడి కుంగింది. ఎర్రమ్మ అక్కడ ఆగి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, కాళ్ళతో దాన్ని తొక్కడం మొదలుపెట్టింది. పక్కన మా అమ్మ చేరింది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు. ఒకపక్క పోటు ఎక్కుతోంది, ఇంకోపక్క ఆకుమడి గాలికి ఊగుతోంది, మధ్యలో ఆ నలుగురు ఆడవాళ్ళూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని మట్టి తొక్కుతున్నారు.