నెవిల్ కాపలా కాసిన మూల

యార్లినాలోని పాత గుర్రప్పందాల మైదానాన్ని గాలించినంతగా దక్షిణ ఆస్ట్రేలియాలో మరో నేలని ఎవరూ గాలించి ఉండరు. పందాలు ఆగిపోయి మూడు తరాలయింది. మెటల్ డిటెక్టర్లు బజారులోకి వచ్చిన నాటినుంచీ ఆదివారం వస్తే చాలు, మా నాణేల క్లబ్బు వాళ్ళమంతా అక్కడే తేలతాం. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో యంత్రం, నడుముకి చిన్న పార. తలలు దించుకుని, పోయిన పరువు వెతుక్కుంటున్న వాళ్ళలా నడుస్తాం. ఆ నేలలోని పెన్నీలూ షిల్లింగులూ ఏనాడో మా అలమరాల్లోకి చేరిపోయాయి. ఇప్పుడు దొరికేవన్నీ బీరు డబ్బాల మూతి రింగులు. అయినా వెళ్తాం. ఇంట్లో ఉంటే గడ్డి కోయమంటారు.

క్లబ్బులో అందరికంటే పెద్ద నోరు నెవిల్ ట్రెవెనాది. ఇళ్ళ కప్పులకి రేకులు బిగించే పనిచేసి రిటైరయ్యాడు. నేలలో ఏముందో యంత్రం కూయకముందే తన మోకాళ్ళకి తెలిసిపోతుందని చెప్పుకుంటాడు. నెలకోసారి ఇన్‌స్టిట్యూట్ హాల్లో మా మీటింగు జరుగుతుంది. ఎవరికి దొరికింది వాళ్ళు బల్లమీద పెట్టాలి, ఎక్కడ ఎలా దొరికిందో లేచి చెప్పాలి, మిగతావాళ్ళు కూర్చుని కుళ్ళుకోవాలి. నెవిల్ ఆ బల్లమీద రాగి పెట్టాడు, వెండి పెట్టాడు. బంగారం మాత్రం ఎన్నడూ పెట్టలేదు. లైబ్రరీలో పనిచేసిన గ్లెనిస్ హోకింగ్ రెండుసార్లు సవరను పెట్టింది, విక్టోరియా రాణి తల చెక్కుచెదరని బంగారు కాసు. రెండోది పెట్టిన రోజు నెవిల్ టీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. చచ్చేలోగా తనూ ఒక సవరను ఆ బల్లమీద పెట్టి, గ్లెనిస్ చేత చప్పట్లు కొట్టించాలన్నది అతని జీవితాశయం. మనిషికి ఆశయాలు ఉండాలి, కాదనను.

పన్నెండేళ్ళ కిందట అతనికి అదృష్టం ఎదురొచ్చింది. మైదానం తూర్పు మూలలో, నీలగిరి జాతికి చెందిన రెండు గమ్ చెట్ల మధ్య, పందాలనాటి సారా గుడారం ఉండేదని ఎక్కడో పాత ఫోటోలో చూశాడు. తాగినవాడి జేబు ఎప్పుడూ చిల్లుదే కదా. వెళ్ళి యంత్రం ఆడిస్తే, అరగంట తిరగకముందే ఫ్లోరిన్లనే పాత వెండి నాణేలు మూడు పైకొచ్చాయి. మర్నాడే తెలిసింది, అడిలైడ్ క్లబ్బు వాళ్ళు కొత్త యంత్రాలేసుకుని బస్సులో దిగబోతున్నారని. ఇంకొకడైతే ఆ రోజంతా తవ్వి దొరికింది తీసుకునేవాడు. నెవిల్ తెలివైనవాడు. పనిలో మిగిలిన రేకు మేకులూ, రేకు ముక్కలూ బకెట్లకెత్తుకుని వెళ్ళి, ఆ మూలంతా విత్తనాలు జల్లినట్టు జల్లి, బూటుకాళ్ళతో తొక్కి, పైన నీళ్ళు పోసి వచ్చాడు.

అడిలైడ్ వాళ్ళు అక్కడ యంత్రం పెట్టగానే అది చెవులు చిల్లులు పడేలా అరిచింది. పెట్టిన కాలు వెనక్కి తీసుకుని వేరేచోటికి పోయారు. మాకు మాత్రం నెవిల్ పెద్దమనిషి తరహాలో చెప్పాడు.

"అక్కడేదో పాత షెడ్డు కూలినట్టుంది. ఇనుము తప్ప ఏమీ లేదు. మీ టైము, మీ ఇష్టం."

మేం నమ్మాం. ఆ ఫ్లోరిన్లు వాగులో దొరికాయన్నాడు. అదీ నమ్మి, ఓ వేసవంతా వాగులో తడిశాం. నేనైతే బూట్లు పాడుచేసుకున్నాను, ఆ మంట నాకింకా ఉంది.

తర్వాత నిదానంగా మేకులు ఏరుకుని బంగారం తీసుకుందామని అతని లెక్క. కానీ ఆ మూలలో కూర్చుంటే మాకు కనబడతాడు. నెవిల్ ఒకచోట ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు, క్లబ్బంతా వచ్చి చుట్టూ మూగుతుంది. మేకులు తియ్యకపోతే అతని యంత్రం కూడా అందరి యంత్రాల్లాగే అరుస్తుంది. దొంగలు రాకుండా ఇంటికి తాళం వేసి, తాళంచెవి బావిలో పడేసుకున్నవాడి బతుకైంది. అలా పన్నెండేళ్ళు దూరంనుంచి ఆ గమ్ చెట్లవంక ఓరగా చూస్తూ గడిపాడు.

ఈ ఏడు కౌన్సిల్ వాళ్ళు ఆ మైదానాన్ని కారవాన్ బళ్ళు ఆపుకునే పార్కు చేస్తామన్నారు. సోమవారం తారు పోస్తారు. ఆదివారం ఒక్కరోజూ మా క్లబ్బుకి చివరిసారిగా వదిలారు. ఇక దాచుకోవడం కుదరదు. తెల్లారేసరికే నెవిల్ తూర్పు మూలలో మోకాళ్ళమీద ఉన్నాడు, పక్కన బకెట్టు పెట్టుకుని.

మా ప్రెసిడెంటు ఆల్విన్ షుల్జ్ అటుగా వెళ్ళి ఆశ్చర్యపోయాడు.

"ఏంటి నెవ్, ఈ చెత్తలో కూర్చున్నావు? ఇక్కడేం లేదని నువ్వేగా చెప్పావు?"

"ఇప్పుడు మాత్రం ఉందన్నానా? కారవాన్లలో పిల్లలొస్తారు. కాళ్ళలో గుచ్చుకుంటాయని ఏరుతున్నా."

"తారు పోస్తారు కదయ్యా, ఎలా గుచ్చుకుంటాయి?"

"ఆ తారు మాత్రం ఎన్నాళ్ళుంటుందిలే, కౌన్సిల్ తారు."

ఆల్విన్ మరీ మంచివాడు. కళ్ళు చెమర్చినంత పనై, ఈ త్యాగం సంగతి చెప్పడానికి కౌన్సిల్ తరఫున వచ్చిన లినెట్ దగ్గరికి నడిచాడు. కాసేపటికి గ్లెనిస్ టీ తెచ్చింది. బకెట్లోంచి ఓ మేకు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"గుర్రప్పందాల కాలంలో మేకులకి రబ్బరు వాషర్లు కూడా ఉండేవా నెవ్?"

"నాకేం తెలుసు?"

"నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది బాబూ? బతుకంతా ఇవేగా బిగించావు."

"నువ్వు పోయి నీ చోట వెతుక్కో గ్లెనిస్. ఎండెక్కుతోంది."

ఆవిడ మేకు మళ్ళీ బకెట్లో వేసి, నవ్వుకుంటూ వెళ్ళింది. నెవిల్ తల ఎత్తలేదు. మధ్యాహ్నం అందరం మాంసం కూరిన పాస్టీలు తింటుంటే కూడా రాలేదు. ఎండకి మెడ ఎర్రగా కాలిపోయింది, వేళ్ళు చీరుకుపోయి రక్తం కారుతోంది. ఒక్కో మేకూ తన చేత్తో పాతిందే, తన చేత్తో పీకుతున్నాడు. నిజం చెప్పాలంటే కాస్త జాలేసింది. తర్వాత బూట్లు గుర్తొచ్చి ఊరుకున్నాను.

పొద్దు వాలుతుండగా మేకులు అయిపోయాయి. బకెట్టు నిండింది, మేకుల గోల అణిగింది. ఇక అసలు వెతుకులాట మొదలుపెట్టడానికి యంత్రం అందుకున్నాడో లేదో, ఆల్విన్ కేకేశాడు.

"నెవ్, ఓ సారి రా. లినెట్ నీకు కృతజ్ఞతలు చెప్పాలంటోంది. బకెట్టు తెచ్చుకో, ఫోటో తీస్తారు."

"తర్వాత."

"తర్వాతేంటి, ఆవిడ వెళ్ళిపోతోంది. మొహమాటపడకు, రా."

అందరూ చూస్తున్నారు. రానంటే ఎందుకు రావంటారు. వెళ్ళాడు. లినెట్ అతనికి లామింగ్టన్ కేకు చేతికిచ్చి, ఇలాంటి పౌరులు ఊరికొకరు ఉంటే చాలని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడింది. నెవిల్ కళ్ళు మాత్రం తూర్పు మూలమీదే ఉన్నాయి. అక్కడ గ్లెనిస్ తన యంత్రం ఆడించుకుంటూ నిదానంగా నడుస్తోంది. మా క్లబ్బు పద్ధతిలో ఒకరు వదిలి వెళ్ళిన చోట ఎవరైనా వెతుక్కోవచ్చు. ఆవిడ ఆగింది. వంగింది. చిన్న పారతో నాలుగు పోట్లు పొడిచి, మట్టి దులిపి, అరచేతిలో ఏదో పెట్టుకుని మావైపు వచ్చింది. ఎండలో అది పచ్చగా మెరిసింది.

సవరను.

"అది నాది," అన్నాడు నెవిల్. కేకు కిందపడింది.

"నీదెలా అవుతుంది నెవ్? ఆవిడ తవ్వింది కదా," అన్నాడు ఆల్విన్.

"ఆ చోటు నాది. ఆ మేకులు నేనే జల్లాను. పన్నెండేళ్ళ నుంచి నాకోసం దాచుకున్నాను దాన్ని."

లినెట్ బకెట్టువంక, ఫోటో తీసినవాడివంక చూసింది. ఆల్విన్ మొహం పాలిపోయింది.

"నువ్వే జల్లావా? మమ్మల్ని రావద్దన్నది అందుకా?"

"మరి ఆ వాగు సంగతేంటి?" అన్నాను నేను.

గ్లెనిస్ చెయ్యి చాచింది.

"అంత కావాలనుంటే తీసుకో."

సిగ్గుపడి వద్దంటాడని మేమందరం అనుకున్నాం. తీసుకున్నాడు. జేబులో వేసుకుని, యంత్రం భుజానేసుకుని, ఎవరివంకా చూడకుండా కారెక్కాడు.

తర్వాతి మీటింగుకి రాడనుకున్నాం. శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. తన వంతు రాగానే లేచి, సవరను బల్లమీద పెట్టాడు. దీపం కింద రాణిగారి తల తళతళలాడింది. ఎంత కోపంగా ఉన్నా అందరం మెడలు చాచి చూశాం.

"ఎక్కడ దొరికింది?" అన్నాడు ఆల్విన్. అలా అడగడం అతని పని.

"పందాల మైదానంలో. తూర్పు మూల."

"ఎవరు తవ్వారు?"

నెవిల్ హాలంతా ఓసారి కలయజూశాడు. హాల్లో ఉన్న ప్రతివాళ్ళూ ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళే.

"గ్లెనిస్," అన్నాడు చివరికి.

"అయితే గ్లెనిస్‌కి ఇది మూడో సవరను. క్లబ్బులో ఇంతవరకూ ఎవరికీ మూడు దొరకలేదు," అని ఆల్విన్ ప్రకటించాడు.

చప్పట్లు చాలాసేపు మోగాయి. లేచి నిలబడి ఉన్నవాడు కదా, నెవిల్ కూడా కొట్టాల్సి వచ్చింది.