గాడుపును నమ్మని అత్తమ్మ

మా అత్తమ్మ పోయిందని మొన్నామధ్య ఒకరోజు తెల్లవారుతుండగా మర్రిగూడ నుంచి మరిది ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయిందట. నాకు వెంటనే ఏడుపు రాలేదు. నిజంగా నిద్రేనా, ఎవరైనా దగ్గరికెళ్లి సరిగ్గా చూశారా అని అడిగాను. ఆ అనుమానం నాకు ఆమె నుంచి వచ్చిందే.

ఆమె దేన్నీ ఒక పట్టాన నమ్మేది కాదు. పాలవాడి కొలతను నమ్మేది కాదు, డాక్టరు నవ్వును నమ్మేది కాదు. అన్నిటికన్నా ఎండాకాలపు వడగాలిని అసలే నమ్మేది కాదు. "గాడుపు దొంగ లెక్క. సందు దొరికితే సాలు, సొచ్చుతది" అనేది.

పాప పుట్టిన ఏడు మేం హాలియాలో ఒక మేడ మీద కిరాయికి ఉండేవాళ్లం. నెత్తి మీద స్లాబు, పడమటి గోడ నిండా ఎండ. చంటిపాపకు జ్వరమొస్తే, అది వేడికే వచ్చిందని దవాఖానలో చెప్పారు. కబురు విని అత్తమ్మ దిగింది. చేతిసంచి కింద పెట్టకుండానే పడమటి గోడకు అరచెయ్యి ఆనించి చూసింది. మంచాన్ని అక్కడి నుంచి జరిపించింది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం నా గది తలుపు మెల్లగా తెరుచుకునేది. ఆమె మా వైపు కాసేపు చూసి వెళ్లిపోయేది. కోడలు పని ఎగ్గొట్టి పడుకుంటోందేమోనని కాపలా కాస్తోందనుకున్నాను. మా అమ్మకు ఫోన్లో చెబితే ఆమె కూడా అంతే అయ్యుంటుందంది.

ఒకరోజు కళ్లు మూసుకుని కనిపెట్టుకుని ఉన్నాను. అత్తమ్మ వెలిగించిన ఊదుబత్తి పట్టుకుని వచ్చింది. మంచం దాటి, పడమటి కిటికీ చుట్టూ దాన్ని నెమ్మదిగా తిప్పసాగింది. పాప మీద ఏదో చేస్తోందని భయమేసింది. పాపను దగ్గరికి లాక్కుని లేచి కూర్చున్నాను.

"ఏం చేస్తున్నవత్తమ్మా?"

"గాడుపు ఎక్కడికెల్లి వస్తాందో చూస్తున్న. గీడ జూడు."

నిటారుగా లేస్తున్న పొగ కిటికీ చట్రం మూలకు రాగానే మా వైపు వంగింది. అక్కడ చట్రానికీ గోడకూ మధ్య సందుంది. సాయంత్రానికల్లా అందులో పాతబట్ట పేలికలు కుక్కి, పైన సిమెంటు మెత్తించింది.

తర్వాత అనుమానం ఎంత తిప్పినా గదిని చల్లబరచని మా కూలర్ మీదికి మళ్లింది. అది పాతబడింది, కొత్తది కొనుక్కోమని షాపతను చెప్పాడు. అత్తమ్మ నమ్మలేదు. మా ఆయన చేత వెనక తలుపులు విప్పించింది. బోరునీళ్ల ఉప్పు పట్టి లోపలి గడ్డి పెంకులా బిగుసుకుపోయి ఉంది. కొత్త గడ్డి పెట్టించి, గది మధ్యలో ఉన్న కూలర్‌ను ఉత్తరం కిటికీలోకి జరిపించింది. ఎదురుగా ఉన్న వెంటిలేటర్ తెరిపించింది. సందులన్నీ మూయించి ఇప్పుడిదెందుకు తెరవడమని అడిగాను. వచ్చిన గాలి పోయే తొవ్వ లేకుంటే ఇల్లంతా చెమటేనంది.

గది చల్లబడింది. పాప హాయిగా నిద్రపోయింది. అయినా మర్నాడు మధ్యాహ్నం మళ్లీ తలుపు తెరుచుకుంది. ఇక ఉండబట్టలేక, ఇంకా ఏం చూస్తున్నవని అడిగేశాను.

ఆమె వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

"మాది రేకుల ఇల్లుండె. గిట్లనే ఎండలు. నా పెద్దబిడ్డ సప్పుడు చేస్తలేకుంటే పండుకున్నదనుకున్న. చేన్లకు పోయిన."

మా ఆయనకు ఒక అక్క ఉండేదని నాకు అప్పుడే తెలిసింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట తలుపు దగ్గరికి వేయడం మానేశాను. మీలో ఎవరింట్లోనైనా ఇలా అనుమానంగా తిరిగే పెద్దవాళ్లుంటే, వాళ్లకేం జరిగిందో ఒకసారి అడగండి.

దినాలయ్యాక ఆరేసిన బట్టలు తేవడానికి మర్రిగూడలో ఆమె ఇంటి డాబా ఎక్కాను. ఎండలు ముదరకముందే ఏటా దానికి సున్నం కొట్టించేది, కూలివాళ్ల పక్కనే నిలబడి. ఈ ఏడు సగమే అయింది. బకెట్‌లో సున్నం గడ్డకట్టి, కుంచె అందులోనే నిలువుగా ఇరుక్కుపోయింది. చెప్పుల్లేకుండా సున్నం పడని నల్లటి సగం మీద అడుగేస్తే అరికాళ్లు చుర్రుమన్నాయి. గబగబా తెల్లటి సగం మీదికి వెళ్లాను. బట్టలన్నీ తీసేదాకా అక్కడ నిలబడగలిగాను.