పీటల మీద కూర్చున్నవాళ్లు

మాచర్లలో మేమిద్దరం మూడు అద్దె ఇళ్లు మారాం. నేను బడిలో పంతులమ్మని, తను విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ ఆఫీసు టైపిస్టు. స్నేహితురాళ్లమంటే ముందు సరేననేవాళ్లు. ఏడాది తిరిగేసరికి "పెళ్లిళ్లెప్పుడు చేసుకుంటారమ్మా?" అని మొదలై, చివరికి "మగదిక్కు లేనోళ్లకి ఇల్లియ్యం" దగ్గర తేలేది. ఆడంగి అని మగవాళ్లను వెక్కిరించడానికి ఊళ్లో మాటైనా ఉంది. మమ్మల్ని తిట్టడానికి కూడా ఎవరి దగ్గరా మాట లేదు. మేం అసలు లేనట్టే జమ.

విసిగిపోయి, ఎనభైల మధ్యలో ఇద్దరం కలిసి చిన్న ఇల్లు కట్టుకున్నాం. రెండు పూటలా గోడలకు నీళ్లు కొట్టింది తనే. సాయంత్రం బస్సు దిగి, కుచ్చిళ్లు ఎగదోపి బిందెలు మోసేది. నేల మీద పరిచిన నాపరాళ్లు ఒక్కొక్కటీ తట్టి చూసి ఏరింది కూడా తనే.

గృహప్రవేశానికి దంపతులు పీటల మీద కూర్చోవాలన్నాడు పురోహితుడు. ముందురోజే నరసరావుపేట నుంచి దిగిన అన్నయ్య, వదిన కూర్చున్నారు. కడుతున్నన్నాళ్లూ ఇటు తొంగి చూడని మనుషులు! పాలు పొంగించింది కూడా వదినే. నాకు ఒళ్లు మండిపోయింది.

పీటల మీద కూర్చున్నవాళ్లకు బట్టలు పెట్టాలట. ఆ రోజు తను కట్టుకోవాలని నేనొక పట్టుచీర కొని దాచాను. అన్నయ్యవాళ్లతో వచ్చిన అమ్మ దాన్ని నా పెట్టెలోంచి తీసి నా చేతికిచ్చింది. వదినకు బొట్టు పెట్టి ఆ చీర ఇచ్చింది నేనే. తను గుమ్మం దగ్గర తాంబూలాల పళ్లెం పట్టుకుని చూసింది.

భోజనాల దగ్గర నరసరావుపేట నుంచి వచ్చిన పిన్ని ఒకావిడ తనను చూపించి అడిగింది. "ఎవరమ్మా ఆ పిల్ల? పాపం, పొద్దుట్నుంచీ చానా పని చేస్తంది!"

అమ్మ, అన్నయ్య నా వైపే చూశారు.

"అద్దెకుంటది పిన్నీ" అన్నాను.

అబద్ధం చెప్పమని ఎవరూ అనలేదు. నేనే చెప్పాను. తను పక్క విస్తట్లో పప్పు వడ్డిస్తోంది. గరిటె కూడా ఆగలేదు.

సాయంత్రం చుట్టాలు బస్సెక్కాక పురోహితుణ్ణీ, వదిననీ, ఊరినీ తిట్టిపోశాను. తను వసారా కడుగుతూ అంతా విన్నది. ఆ తర్వాత ట్రంకుపెట్టె తెచ్చి హాల్లో నిలబడింది.

"ఇదెక్కడ పెట్టుకోమంటావే? నాకు ఏ గది అద్దెకిచ్చావో చెప్పు."

మేం కట్టుకున్నది ఒక్కటే పడకగది.